రంగు వెయ్యని కన్ను

పిట్టను కొట్టి, తోలు వలిచి, పురుగు పట్టకుండా పాషాణం సబ్బు పూసి, దూది కూరి ఓడెక్కిస్తే ముక్కు వస్తుంది, ఈకలు వస్తాయి, కాళ్ళు వస్తాయి. కన్ను మాత్రం రాదు. కన్ను ఉండాల్సిన చోట ఇంత దూది ఉండ కనిపిస్తుంది. లండన్‌లో పిట్టల బొమ్మలు వేసి పొట్టపోసుకునే వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఆ పిట్టను ప్రాణంతో చూసినవాడు దొరికితే కన్ను ఏ రంగో వాణ్ణి అడుగుతారు. దొరక్కపోతే పుస్తకం అచ్చువేయించే దొరగారిని అడుగుతారు. దొరగారు ఏ రంగంటే ఆ రంగు.

హెస్టర్ కోల్‌బీకి చూసినవాడు ఇంట్లోనే ఉన్నాడు. ఆమె మొగుడే. అయినా ఆమె దొరగారి మాటే వినాల్సి వచ్చింది. తంటా అంతా అక్కడే వచ్చింది.

ఎజ్రా కోల్‌బీ కూడా బొమ్మలవాడే. ఇద్దరూ ఒకే దుకాణంలో పని నేర్చుకున్నారు. చెయ్యి ఆమెదే మెరుగు. ఆ మాట అతనే పదిమందిలో చెప్పేవాడు. కానీ కొత్త దేశాలు కనిపెట్టడానికి పోయే ఓడల మీదికి ఆడవాళ్ళను బొమ్మలకు తీసుకోరు గనక, దక్షిణ సముద్రాలకు పోయే ఓడ మీద కొలువు ఎజ్రాకు వచ్చింది. రెండేళ్ళన్నవాడు నాలుగేళ్ళు చేశాడు. హెస్టర్ కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూసిందంటే అది అబద్ధం. వత్తులు వేసుకుని కూర్చుంటే రాతి మీద గీతలెవరు గీస్తారు? లావెన్‌హామ్ దొరగారు చందా కట్టినవాళ్ళకు సంచికలుగా పంపే పక్షుల పుస్తకానికి ఆమె సున్నపురాళ్ళ మీద మైనపు సుద్దతో, కుడి ఎడమగా, ఎడమ కుడిగా, అచ్చులో సరిగ్గా పడేలా తిరగేసి బొమ్మలు గీసేది. అచ్చయి వచ్చిన నల్లబొమ్మల్లో ఒకదానికి తానే రంగులు వేసి నమూనాగా ఇచ్చేది. ఆ నమూనా ముందు పెట్టుకుని రంగుల గదిలోని ఆడపిల్లలు మిగతా కాగితాలన్నీ నింపేవారు. సోహో వెనక సందులో, ఉత్తరం కిటికీ ఉన్న ఆ రెండో అంతస్తు గది అద్దె అలా గడిచింది.

ఎజ్రా తిరిగి రావడమైతే వచ్చాడు గానీ సగం మనిషే వచ్చాడు. రొమ్ములో దగ్గు, కుడిచేతిలో వణుకు. నాలుగేళ్ళ బొమ్మలున్న పెట్టె రాలేదు.

"పెట్టెడు బొమ్మలు వేశాను. ఆఫ్రికా కొసన తుఫానొచ్చి అన్నీ మింగేసింది. ఇప్పుడు చేపలు చూసుకుంటున్నాయి," అన్నాడు.

"చేపలు కొంటాయా?" అంది హెస్టర్.

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే అతను దగ్గాడు. ఆ దగ్గు విన్నాక ఆమె నవ్వలేదు.

ఒక్కటి మిగిలింది. టోపీ పెట్టెలో, పాత చొక్కా గుడ్డలో చుట్టిన పిట్ట తోలు. గువ్వ జాతి. ముదురాకుపచ్చ వీపు, గొంతు మీద ఇటుకరంగు పట్టీ, కన్ను చోట దూది. అలాంటిది లండన్‌లో ఎవరి అల్మరాలోనూ లేదని హెస్టర్‌కు చూడగానే అర్థమైంది.

"దీని కన్ను తెలుపు. పాలలా తెలుపు. రెక్క విరిగి కింద పడిందే గానీ చావలేదు. చేతిలోకి తీసుకున్నా. నావైపే చూసింది. అలా చూస్తూ చూస్తూ పోయింది. పోయిన మరుక్షణం ఆ తెలుపంతా బూడిద నీళ్ళయిపోయింది. నేనొక్కణ్ణే చూశాను హెస్టర్. మిగతావాళ్ళంతా ఒడ్డున తాబేలు వండుకుంటున్నారు."

"నువ్వు తినలేదా?"

"నేనొచ్చేసరికి చిప్ప మిగిలింది."

లావెన్‌హామ్ దొరగారు తోలు చూసి చిన్నపిల్లాడిలా గంతేసినంత పని చేశాడు. మరునాడే ద్రాక్షపళ్ళు, కోడిరసం పంపించాడు. కొత్త పిట్టకు పేరు పెట్టే హక్కు దాన్ని మొదట పుస్తకంలో వర్ణించినవాడిది. మామూలుగా ఆ పేర్లు చందా కట్టిన ప్రభువులకో, వాళ్ళ భార్యలకో పోతాయి. ఈసారి లావెన్‌హామ్ గారు ఎజ్రా మంచం పక్కన నిలబడి, "ఈ పిట్టకి నీ పేరే పెడతాను కోల్‌బీ," అన్నాడు.

ఎజ్రా అంతకుముందు ఎవరినీ ఏదీ అడిగినవాడు కాదు. ఆ పూట నుంచీ మాత్రం అదే ధ్యాస. రొట్టె తింటున్నా అదే, టీ తాగుతున్నా అదే.

"మనకి పిల్లల్లేరు. బొమ్మలు చేపల పాలయ్యాయి. ఆ పిట్టన్నా ఉంటుంది నా పేరుతో. ఏ పుస్తకంలోనో ఎవడో ఒకడు చదువుతాడు కదా?"

"చదువుతాడులే. ముందు కోడిరసం తాగు."

డాక్టరు చలికాలం దాటడం కష్టమన్నాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఒకరితో ఒకరు అనుకోలేదు, అంతే.

ఇక లావెన్‌హామ్ దొరగారి సంగతి. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. ఆయనకున్నదల్లా ఒక వలయాల పిచ్చి. దేవుడు సృష్టిలో ప్రతి జాతినీ అయిదేసిగా, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని గుండ్రంగా నిలబడ్డ పిల్లల్లా పేర్చాడని ఆయన నమ్మకం. ఆ రోజుల్లో చాలామంది పెద్దమనుషులకు ఆ నమ్మకం ఉండేది. ఎజ్రా పోయొచ్చిన దీవుల గువ్వల వలయంలో నాలుగు దొరికాయి. అయిదోది దొరకలేదు. దొరికినప్పుడు దాని కన్ను ఎర్రగా ఉంటుందని, పక్క వలయంలో అయిదోదానికి ఎర్రకన్ను ఉంది గనక ఇక్కడా ఉండి తీరాలని ఆయన అచ్చులో చాటేశాడు. ఇప్పుడు అయిదోది వచ్చింది. వీపు సరిపోయింది, తోక సరిపోయింది, గొంతు సరిపోయింది. కన్ను చోట దూది.

ఒకరోజు ఆయన ఎజ్రా మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. హెస్టర్ కిటికీ దగ్గర రాతిని తుడుస్తోంది.

"బాగా ఆలోచించి చెప్పు కోల్‌బీ. ఎరుపు కదూ?"

"తెలుపండీ."

"సాయంత్రపు వెలుగులో చూశావేమో."

"మిట్టమధ్యాహ్నమండీ."

"పిల్లపిట్ట అయ్యుంటుంది. పెద్దదైతే ఎర్రబడేదేమో."

"పెద్దదేనండీ. కడుపులో గుడ్డు ఉంది."

"నీకు అప్పుడు జ్వరమేమన్నా..."

"జ్వరం ఇప్పుడుందండీ. అప్పుడు లేదు."

దొరగారు టోపీ తీసుకుని లేచాడు. ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు విని ఎజ్రా, "దేవుడికీ తనలాగే అయిదు వేళ్ళున్నాయనుకుంటున్నాడు. లెక్క అక్కడే ఆగిపోయింది," అన్నాడు. హెస్టర్ నవ్వు ఆపుకుంటూ దీపం పట్టుకుని ఆయన వెనకే దిగింది.

కింద మెట్టు దగ్గర ఆయన ఆగాడు.

"మిసెస్ కోల్‌బీ, మీ ఆయనకిచ్చిన మాట తప్పాలని నాకు లేదు. కానీ ఎర్రకన్ను లేని పిట్టకి నా పుస్తకంలో చోటు లేదు. చోటే లేని పిట్టకి పేరెలా పెట్టను? దాన్ని పక్కన పడేయాల్సిందే."

"చూసినవాడు చెబుతున్నాడు కదండీ."

"జబ్బు మనిషి. నేను తప్పు పట్టను. నమూనాకి రంగులు వేసేది మీరు. ఎర్రగా వేసి పంపండి, వచ్చే సంచికలోనే పేరుతో వేయిస్తాను. లేదంటే..." అని ఆయన చేతి తొడుగు సర్దుకున్నాడు. "ఆయనకి ఎక్కువ కాలం లేదన్నారట కదా, పాపం."

ఆ 'పాపం' నిజంగానే మనసులోంచి వచ్చింది. ఒక చేత్తో గొంతు నొక్కుతూ ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకునే మనుషులుంటారు. వాళ్ళతో వేగడం చాలా కష్టం.

హెస్టర్ పైకి వెళ్ళి బఠాణీ సూప్ వేడిచేసింది. గిన్నె అతని చేతికిచ్చి, ఏమీ ఎరగనట్టు, "ఎరుపే అనుకుందాం. ఏం పోతుంది?" అంది.

ఎజ్రా చెంచా దించేశాడు. "మెట్ల మీద ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. నేనే అడుగుతున్నా."

"అబద్ధం కింద నా పేరెందుకే? పేరక్కర్లేదని చెప్పు."

"నిన్నంతా పేరు పేరని చెవిలో ఇల్లు కట్టుకుని పోరావు!"

"తెల్లకన్నుతో పేరు. అది నన్ను చూసింది హెస్టర్. చచ్చిపోతూ చూసింది. దానికి నేను చేయగలిగిందల్లా ఆ కన్ను సరిగ్గా చెప్పడమే."

హెస్టర్‌కు ఒళ్ళు మండిపోయింది. "ఒక గువ్వ నిన్ను నిమిషం చూసిందని ఇంత గోల. నేను నాలుగేళ్ళు ఈ గోడ చూశాను. దాని రంగెవరూ అడగలేదు," అంది.

అతను గోడ వైపు తల తిప్పాడు. "బూడిదరంగు," అన్నాడు మెల్లగా. "కిటికీ కింద చెమ్మకి ఆకుపచ్చ." ఆమె కళ్ళు తుడుచుకుని సూప్ మళ్ళీ వేడిచేసింది. మాట అక్కడితో తెగిపోయింది. తేలింది మాత్రం లేదు.

తర్వాత వారమంతా ఆమె ఆ పిట్టను రాతి మీద గీసింది. ఎజ్రా దిండ్లకు ఆనుకుని, "తల ఇంకాస్త వంచు. అది ఎప్పుడూ చెవి ఒగ్గి వింటున్నట్టుండేది," అంటూ చెప్పేవాడు. తన చెయ్యి వణికినా ఆమె చేత్తో గీయించాడు. వాళ్ళ కాపురంలో అంత మంచి రోజులు మళ్ళీ రాలేదు. అవి అయిపోకూడదని హెస్టర్ కావాలనే ఈకలు ఒక్కొక్కటిగా గీసింది. కానీ అతని రుమాలు మీద నెత్తురు మరకలు రోజూ కొంచెం పెద్దవవుతున్నాయి. చందా సంచిక అచ్చుకు పోయే రోజు దగ్గర పడింది.

ఆమె చేసిన పని తప్పే. ఒప్పని నేననను. కానీ ఆ గదిలో ఆ దగ్గు వింటూ కూర్చోని వాళ్ళు ఆమెను తిట్టడానికి మాత్రం నేనొప్పుకోను.

అచ్చుశాల గ్రైమ్స్ ముసలాయన నల్లబొమ్మలు తీసి ఇచ్చాడు. అడుగున అక్షరాలు చెక్కేవాడు అప్పటికే లాటిన్‌లో పిట్ట పేరు చేర్చాడు. ఆ పేరులో కోల్‌బీ అన్న మాట కొట్టొచ్చినట్టుంది. హెస్టర్ రెండు కాగితాలు తెచ్చుకుంది. రెండింటికీ ఒకేలా రంగులు వేసింది. వీపు, తోక, గొంతు పట్టీ, కాళ్ళు. కన్ను ఎప్పుడూ ఆఖర్న వేస్తారు. తెల్లకన్నుకు రంగక్కర్లేదు. కాగితాన్ని అలాగే వదిలేసి, మధ్య నల్లచుక్క పెట్టి, పైన తుమ్మజిగురు బొట్టు పెడితే చాలు, మెరుస్తుంది. నిజానికి ఏమీ వెయ్యాల్సిన పని లేదు. అబద్ధానికే రంగు కావాలి. రెండో కాగితం మీద ఆమె ఎర్రరంగులో కుంచె ముంచి ఒక్క చుక్క పెట్టింది. అది రంగుల గదికి నమూనాగా వెళ్ళింది. మొదటిది ఇంటికొచ్చింది.

ఎజ్రా దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. కాగితం గడగడ వణికింది. ముందు కన్ను చూశాడు. తర్వాత కింద పేరు చూశాడు. మళ్ళీ కన్ను చూశాడు.

"ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు."

"ఎలా ఒప్పించావు?"

"ఏడ్చాను. ఆడదాని ఏడుపుకి వలయాలేం ఆగుతాయి?"

అతను పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు దగ్గు తెర వచ్చి ముఖం నీలమైంది. అది తగ్గాక ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వు అబద్ధం ఆడలేవని నాకు తెలుసు హెస్టర్," అన్నాడు. ఆ మాట ఆమె గుండెల్లో మేకులా దిగింది. ఆమె చచ్చేదాకా అది అక్కడే ఉంది.

ఆ ఆదివారం గ్రైమ్స్ చూడ్డానికొచ్చాడు, చంకలో బీరు కూజాతో. ఎర్రకన్ను కాగితాలు దొంతర్లకు దొంతర్లు ఆయన అచ్చుశాలలోనే ఎండుతున్నాయి. ఎజ్రా గర్వంగా తన కాగితం చాచాడు. గ్రైమ్స్ దాన్ని చూశాడు. హెస్టర్‌ను చూశాడు.

"కన్ను బాగా కుదిరింది," అన్నాడు గ్రైమ్స్. కూజా బల్ల మీద పెట్టి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

పదిరోజులకు ఎజ్రా పోయాడు. శవపేటిక మూత బిగించేముందు హెస్టర్ ఆ కాగితాన్ని అతని చేతుల కింద పెట్టింది. ప్రేమతో పెట్టింది, భయంతోనూ పెట్టింది. ఆ తెల్లకన్ను ఇంట్లో ఉంటే రోజూ తనను చూస్తుందని భయం.

బొమ్మలు వేసేవాళ్ళు పుస్తకంలో బొమ్మలే చూసుకుంటారు. పక్కన అచ్చయిన మాటలు చందా కట్టినవాళ్ళ కోసం. ఎజ్రా పిట్ట గురించి దొరగారు రాసిన పుట హెస్టర్ ఎన్నడూ తెరవలేదు. తెరిచి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను.

ఏళ్ళు గడిచాయి. వలయాల మాట పాతబడింది. కుర్రశాస్త్రవేత్తలు దాన్ని తలుచుకుని విందుల్లో నవ్వుకోవడం మొదలెట్టారు. లావెన్‌హామ్ గారూ వాళ్ళతో కలిసి నవ్వాడు. మనిషి బుద్ధిమంతుడు, ఎప్పుడు ఏ గాలి వీస్తోందో కనిపెట్టగలడు. ఎజ్రా తెచ్చిన తోలు ఆయన అల్మరాలో పురుగులు తిని, కాళ్ళూ ఇన్ని ఈకలూ మిగిలితే పనిమనిషి ఊడ్చిపారేసింది. ఇక ఆ పిట్టకు లోకంలో సాక్ష్యంగా మిగిలింది ఎర్రకన్ను బొమ్మ ఒక్కటే.

అప్పుడే లావెన్‌హామ్ గారి మేనల్లుడు హ్యూ పెండర్ ఇంకో ఓడ మీద ఆ దీవులకే వెళ్ళి తిరిగొచ్చాడు. గువ్వల తోళ్ళు తెచ్చాడు, సారాయి జాడీలో ఒకదాన్ని తోలు వలవకుండానే తెచ్చాడు. ముదురాకుపచ్చ వీపు, గొంతు మీద ఇటుకరంగు పట్టీ. బతికుండగా కన్ను పాలలా తెల్లగా ఉందని ఓడ మీద వాళ్ళంతా సంతకాలు చేసిచ్చారు.

ఆ సంగతి హెస్టర్‌కు గ్రైమ్స్ చెప్పాడు. పక్షిశాస్త్ర సభలో చదివిన ఉపన్యాసం ఆయన అచ్చుశాలకే వచ్చింది. ముసలాయన పచ్చి ప్రూఫు కాగితం పట్టుకుని మెట్లెక్కి వచ్చి, ఆయాసపడుతూ కూర్చున్నాడు.

"ఏమిటి బాబాయ్, ప్రూఫులు మోసుకొచ్చావు?"

"చదవమని కాదు తల్లీ. ఎలాగూ ఎవరో ఒకరు చెబుతారు. నేను చెబితే నయమని వచ్చా." ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. "కోల్‌బీ పిట్ట అనేది అసలు లేదట. పక్క దీవిలో మామూలుగా దొరికే ఎర్రకన్ను గువ్వనే తెచ్చి కొత్తదన్నాడట ఎజ్రా. ఆ పేరు తీసేశారు. ఇప్పుడు తెచ్చిందే అసలైన కొత్త పిట్టట. దానికి మేనల్లుడి పేరు."

"ఎర్రకన్ను ఎజ్రా ఎప్పుడన్నాడు?"

గ్రైమ్స్ కాగితం మీద ఒకచోట గోటితో గీత గీసి చూపించాడు. పాత పుస్తకంలోంచి లావెన్‌హామ్ గారు రాసిన మాటలే అక్కడ ఎత్తి రాశారు. 'కన్ను నెత్తుటి ఎరుపు. దీన్ని ప్రాణంతో చేతిలో పట్టుకున్న కోల్‌బీ ఒక్కడే ఇందుకు సాక్షి.'

హెస్టర్ ఆ రెండు మాటలూ మళ్ళీ మళ్ళీ చదివింది. ఆ రోజు పొయ్యి వెలిగించలేదు.

మర్నాడు ఉతికిన కాలరు పెట్టుకుని లావెన్‌హామ్ గారింటికి వెళ్ళింది. ఆయన జుట్టు పూర్తిగా నెరిసింది. మర్యాదగా కూర్చోబెట్టాడు. టీ తెప్పించాడు.

"ఎరుపు వెయ్యమన్నది మీరు," అంది హెస్టర్. టీ ముట్టుకోలేదు. "మీ మెట్టు మీద కాదు, మా మెట్టు మీద నిలబడి చెప్పారు. ఆయన తెలుపనే చెప్పాడు. చచ్చేదాకా తెలుపే అన్నాడు."

"మిసెస్ కోల్‌బీ, చాలా ఏళ్ళయింది. ఎవరేమన్నారో నాకు సరిగ్గా గుర్తులేదు."

"నాకు గుర్తుంది."

"ఉంటుంది. కానీ సభ జ్ఞాపకాల్ని నమ్మదు కదా. మీ ఆయన తెలుపన్నట్టు ఎక్కడన్నా ఉందా? బొమ్మ ఏదన్నా?"

ఉంది. లోకంలో ఒకే ఒక్కటి ఉంది, తడి మట్టి కింద, అతని వేలి ఎముకల కింద. ఈపాటికి కాగితమో మట్టో తెలియనంతగా కలిసిపోయి ఉంటుంది.

"నమూనాకి ఎరుపు వేసింది మీ చెయ్యే," అన్నాడాయన, మెత్తగానే. "ఆ మాట నేను ఎవరితోనూ అననులెండి. మీకు చెడ్డపేరు రావడం నాకిష్టం లేదు. అన్నట్టు మావాడి పిట్టకి బొమ్మ కావాలి. మీ అంత చెయ్యి ఊళ్ళో ఇంకెవరికుంది? మీరే వెయ్యండి."

ఆయన మొహాన టీ కొట్టి రావాల్సింది. కొట్టలేదు. అద్దె ఉంది, ముదిరిన వయసుంది. వీటన్నిటికన్నా పెద్ద కారణం ఇంకోటుంది. తను వెయ్యకపోతే ఆ కన్ను ఇంకెవరో వేస్తారు. ఎజ్రా చూసిన కన్ను ఎలా ఉంటుందో తెలిసిన చెయ్యి ఇదొక్కటే. పేరు పోయింది, కనీసం కన్నైనా సరిగ్గా అచ్చుకు వెళ్ళాలి. ఆమె ఒప్పుకుంది.

రాయి కోసం అచ్చుశాలకు వెళ్ళినప్పుడు, "ఎజ్రా పిట్ట గీసిన రాయుందా బాబాయ్?" అని అడిగింది.

"ఎక్కడిదమ్మా! అప్పుడే ఇసక వేసి అరగదీశాం. దాని మీద చేపలు వేశాం, చేపల మీద రాణిగారి గుర్రం వేశాం. గుర్రం కూడా పోయింది ఈపాటికి. ఇదిగో, ఇది కొత్తది, నున్నగా ఉంది. తీసుకో."

ఆమె పిట్ట తల కాస్త వంచి, చెవి ఒగ్గి వింటున్నట్టు గీసింది. అలా వంచమని పెండర్ చెప్పలేదు.

నమూనా చూడ్డానికి పెండర్ తానే వచ్చాడు. ఎండకు కమిలిన మొహం, మంచి కుర్రవాడు. మేనమామ మెట్ల మీద ఏం మాట్లాడాడో పాపం అతనికేం తెలుసు? ఉత్తరం కిటికీ దగ్గర కాగితం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఆకుపచ్చ, ఇటుకరంగు అన్నీ ఆరిపోయాయి. కన్ను చోట కాగితం తెల్లగా ఉంది, మధ్య నల్లచుక్క.

"నేను చేత్తో పట్టుకున్నప్పుడు సరిగ్గా ఇలాగే చూసింది," అన్నాడు. "పోగానే ఆ తెలుపు బూడిదరంగైపోతుంది, తెలుసా అండీ? తల కూడా ఇలాగే వంచుతుంది. నేనది ఎవరికీ చెప్పనేలేదే! మీరు చూసినట్టే వేశారు."

"నేను చూళ్ళేదు బాబూ. మా ఆయన చూశాడు."

పెండర్ మొహం కాస్త ఇబ్బందిగా మారింది. "కోల్‌బీ గారా? ఎర్రకన్ను అన్న ఆయన..."

"తెలుపన్నాడు. ఎరుపు వేసింది నేను. మీ మామయ్య వెయ్యమంటే వేశాను. మా ఆయనకి తెలీకుండా వేశాను."

అంతకాలం నోట్లో నానిన మాట అలా బయటపడింది. హెస్టర్ కుర్చీ చేతులు పట్టుకుని, వచ్చేది తిట్టయినా సరే, ప్రశ్నయినా సరే, సమాధానం చెప్పడానికి సిద్ధపడి కూర్చుంది.

కుర్రవాడు వచ్చి ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి.

"ఆయన పొరపాటు మీ మీద వేసుకోనక్కర్లేదండీ. ఎవరికైనా జరుగుతుంది. ఇన్నేళ్ళయినా భర్త మీద మీకెంత ప్రేమ! మామయ్య చెప్పాడు, మీరు ఇలాగే అంటారని."

నిజం చెబితే అది ప్రేమైంది. అబద్ధం వేస్తే అది సాక్ష్యమైంది. హెస్టర్ మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది. జిగురు గిన్నెలో కుంచె ముంచి, పిట్ట కన్ను మీద ఒక్క బొట్టు పెట్టింది. కన్ను మెరిసింది. అది ఆరేదాకా ఆగమని పెండర్‌తో చెప్పింది.